రంపపు పొట్టుతో నా పంతం

మా మనవరాలు హైదరాబాదులో ఉంటుంది. వారమంతా ఆఫీసు పని, ఆదివారం వస్తే డాబా మీద రేకుల షెడ్డులో చెక్కపని. ఆడపిల్లకు ఈ సరదా ఏమిటని అడిగినవాళ్ళకు అది జవాబు చెప్పదు, నేనూ చెప్పను. పోయిన నెల నేను వెళ్ళినప్పుడు చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి, కొత్తగా కొనుక్కున్న రంపపు బల్ల చూపించింది. బల్ల కింద నుంచి లావుపాటి గొట్టం ఒకటి బయలుదేరి ఒక డబ్బాలోకి పోయింది. డబ్బా నెత్తి మీద నుంచి ఇంకో గొట్టం, ఆ చివర గాలి లాగే మిషను, దానికో గుడ్డసంచి. "ముందు పెద్ద పొట్టంతా ఈ డబ్బాలో పడిపోతుంది అమ్మమ్మా, సన్న దుమ్ము ఒక్కటే సంచిలోకి పోతుంది. నాలుగు ఆదివారాల నుంచి దీన్ని సరిచేయడమే సరిపోతోంది" అని ముక్కుకు కట్టుకున్న గుడ్డ తీసి చెప్పింది. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నావంటే, ఇలాంటిది నేను పందొమ్మిదేళ్ళప్పుడు నరసరావుపేటలో కట్టించానన్నాను. అది నా మొహం కేసి చూసి, నా బీపీ మాత్ర గురించి అడిగింది. దానికి నమ్మకం కుదరకపోతే మానె. మీకు చెబుతాను.

నేను పుట్టింది గురజాల దగ్గర పల్లెలో, దూదేకుల ఇంట్లో. మా నాయన పొద్దున లేస్తే విల్లు పట్టుకుని దూది ఏకేవాడు. ఆ నారి మోత వింటూనే మేం నిద్ర లేచేవాళ్ళం, దాని పాటకే అన్నాలు తినేవాళ్ళం. గాలి తగిలితే దూది ఎగిరిపోతుందని గది తలుపులూ కిటికీ మూసుకునే పనిచేసేవాడు. మధ్యాహ్నం బయటికొస్తే కనుబొమలూ మీసాలూ తెల్లగా ఉండేవి. చిన్నప్పుడు మాకది వేడుక, ముసలాడయ్యావని చప్పట్లు కొట్టేవాళ్ళం. ఆయన నిజంగా ముసలివాడు కాలేదు. నలభై దాటీ దాటకముందే దగ్గు పట్టుకుంది. ఆఖరి చలికాలమంతా పడుకుంటే ఊపిరాడక, తను కుట్టిన పరుపునే చుట్ట చుట్టి దానికి ఆనుకుని కూర్చునే ఉన్నాడు, కూర్చునే పోయాడు. చూడటానికొచ్చిన వాళ్ళంతా తలరాత అన్నారు. ఆ మాట నాకు అప్పుడూ మింగుడుపడలేదు. మా వీధిలోనే చెట్టు కింద కూర్చుని దూది ఏకే ముసలాయన ఒకడుండేవాడు. ఆయన డెబ్భై ఏళ్ళకూ చెరుకు నమిలేవాడు. రాత ఇద్దరికీ వేరువేరుగా రాసి ఉండొచ్చుగాని, తలుపు మూసింది మాత్రం మా నాయనే.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన మరుసటేడు నాకు పెళ్ళయింది. నరసరావుపేటలో మా అత్తవారు కూడా మావాళ్ళేగాని, దూది పని ఎప్పుడో వదిలేసి వడ్రంగంలో దిగారు. మా మామ నిలువెత్తు మనిషి, గొంతూ నిలువెత్తే. ఆయనకు రెండింటి మీద గర్వం: ఒకటి మీసం, రెండోది రంపం. మద్రాసులో మిలటరీ వాళ్ళకు మిగిలిపోయిన సామాన్లు అమ్ముతున్నారని ఎవరో చెబితే పోయి, గుండ్రటి రంపపు చక్రమూ అది తిరిగే ఇరుసూ గోనెసంచిలో చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట. బల్ల తనే చేసుకున్నాడు. మా వీధికి కరెంటు ఇంకా రాలేదు. పక్కన చిన్న పాకలో ఆయిల్ ఇంజను పెట్టి, బెల్టుతో ఆ చక్రాన్ని తిప్పేవాళ్ళు. మాచర్ల వైపు నుంచి రైల్లో దిగిన నల్లమల టేకు, పల్లెల నుంచి బండ్ల మీద వచ్చిన తుమ్మా వేపా మా వాకిట్లో పేర్చి ఉండేవి. ఇద్దరు మనుషులు ఒకడు పైనా ఒకడు కిందా రంపం పట్టి పూటంతా కోసే దుంగను మా ఆయన ఒక్కడే అన్నం ఉడికే లోపల పలకలు చేసేవాడు. ఊళ్ళో జనం పనులు మానుకుని వచ్చి చూసేవాళ్ళు. మా మామ మీసం దువ్వుకుంటూ చూపించేవాడు.

పనిపాకకూ మా వంటింటికీ మధ్య నాలుగడుగులు. ఇక పొట్టు సంగతి చెప్పనక్కర్లేదు. అన్నంలో పొట్టు, మజ్జిగలో పొట్టు, దిండు కింద పొట్టు, తల దువ్వితే పొట్టు. టేకు కోసినన్నాళ్ళూ ఏ కూర వండినా ఒకటే వాసన. వేప కోసిన రోజు పాయసం కూడా చేదే. మా అత్త పాపం పూటపూటకూ నమాజు చాప దులపడంలోనే సగం పుణ్యం సంపాదించుకుంది. ఆమె నెమ్మదస్తురాలు, నోరు విప్పి ఎరగదు. "పొట్టు అంటే ఏందనుకుంటన్నావే, మన అన్నమే అట్టా ఎగురుతుంది" అని మామ అంటే తలూపేది. నేనూ మొదటి ఏడాది తలూపాను. కోడలు మామ ఎదురుగా నిలబడి మాట్లాడే కాలం కాదది. ఏదైనా చెప్పాలంటే తలుపు చాటున నిలబడి, అత్తకు చెప్పినట్టు చెప్పాలి.

రెండో ఏడు చలికాలంలో ఒక ఉదయం మా ఆయన పళ్ళు తోముకుంటూ దగ్గాడు. పొడి దగ్గు, చివర్న చిన్న ఈల. నా చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది. ఆ ఈల నాకు తెలుసు. పదేళ్ళు ఒకే ఇంట్లో దాంతో కాపురం చేశాను. ఆయన ఇటు తిరిగి "ఏందే, అట్టా చూస్తన్నావు?" అన్నాడు. కనురెప్పల మీద కోసిన టేకు రంగు పొట్టు. ఆ రోజు నుంచి ఆయన దగ్గులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

అదే నెలలో పక్కింటి గుమాస్తాగారు ఫిర్యాదు రాశారు. ఆయన వకీలు దగ్గర పనిచేసే మనిషి, కాయితం రాయడంలో దిట్ట. వాళ్ళావిడ మిద్దె మీద ఎండబెట్టిన గుమ్మడి వడియాలు మూడుసార్లు మా పొట్టుకు పాడయ్యాయి, వాళ్ళ బావి నీళ్ళ మీద మీగడ కట్టినట్టు తెట్టు కట్టింది. నిజం చెప్పాలంటే ఆయన రాసిన దాంట్లో ఒక్క మాట అబద్ధం లేదు. శానిటరీ ఇనస్పెక్టరు వచ్చి చూసి, నెల రోజుల్లో దుమ్ము బయటికి రాకుండా చేయాలి, లేదంటే యంత్రం ఊరి బయటికి మార్చాలి అని నోటీసు ఇచ్చి పోయాడు. ఊరి బయట మాకు జానెడు నేల లేదు. మామ ఆ నోటీసును నాలుగు మడతలు పెట్టి బల్ల కోడు కింద ఎగుడుదిగుడుకు సర్దాడు. "నా ఇల్లు, నా రంపం. రేపట్నుంచి ఇంకో రెండు గంటలు ఎక్కువ తిప్పుతా. ఎవుడొస్తాడో రమ్మను" అన్నాడు. ఎక్కువ గంటలు ఆ బల్ల ముందు నిలబడాల్సింది మా ఆయన. తండ్రి మాటకు ఆయన తలవంచుకుని, చక్రం పళ్ళు ఆకురాయితో పదును పెట్టుకుంటూ, దగ్గాడు.

మర్నాడు తెల్లవారగానే నేను చేసిన పని ఇప్పటికీ తలుచుకుంటే నాకే ఆశ్చర్యం. ఇంజను తిప్పి లేపడానికి ఒక ఇనప హ్యాండిలు ఉండేది. అది లేకపోతే ఇంజను ఉత్త ఇనపముద్ద. ఆ హ్యాండిలు తీసుకొచ్చి ఒళ్ళో పెట్టుకుని వంటింటి గడప మీద కూర్చున్నాను. మామ వచ్చి వెతికాడు, మా ఆయన్ని కేకేశాడు, ఆఖరికి నన్ను చూశాడు.

"అదేంది, అది ఇట్టా తే."

"ఇయ్యను మామా."

నేను తలుపు చాటు లేకుండా ఆయనతో మాట్లాడిన మొదటి మాట అదే. మా అత్త చేతిలో చాట జారి కిందపడింది.

"పొగరా?"

"నువ్వేమన్నా అనుకో. మా నాయన దూదితో పోయాడు. అప్పుడు నేను చిన్నదాన్ని, నోరు లేదు. ఇప్పుడుంది. ఆ పొట్టు ఆగిందాకా మీ అబ్బాయి బల్ల కాడ నిలబడడు, ఇంజను తిరగదు."

"పుట్టింటికి పంపిస్తా."

"పంపించు. హ్యాండిలు కూడా నాతోనే వచ్చిద్ది."

మామ మా ఆయన వైపు చూశాడు, పెళ్ళాన్ని అదుపులో పెట్టమన్నట్టు. తండ్రి చూపుకు తలవంచుకునే మనిషి ఆ వేళ వంచుకోలేదు. మూడు రోజులు ఇంజను లేవలేదు. నేను హ్యాండిలు పక్కన పెట్టుకునే వండాను, పక్కన పెట్టుకునే తిన్నాను. వాకిట్లో దుంగలు పడున్నాయి. నాలుగో రోజు మామ గోడవైపు చూస్తూ, "నోటీసుకు ఇంకా ఇరవై అయిదు రోజులుంది. ఆ పొట్టును ఆపే మొనగత్తె ఎవురో ఆపమను. ఆపలేకపోతే మళ్ళా ఈ ఇంట్లో నోరెత్తగూడదని చెప్పు" అన్నాడు. నాకు చెప్పమని ఎవరితో అన్నాడో తెలియదు, అక్కడ నేను తప్ప ఎవరూ లేరు.

పంతం పట్టానేగాని, పొట్టును ఎట్లా ఆపాలో నాకేం తెలుసు? హ్యాండిలు నా దగ్గరే ఉంచుకుని, పరీక్ష చూడ్డానికి మాత్రం ఇంజను లేపనిచ్చేదాన్ని. మొదట బల్ల చుట్టూ తడి గోనెపట్టాలు కట్టాను. రెండు రోజుల్లో చక్రానికి తుప్పు పట్టింది, మామ తిట్లు పది ఇళ్ళ దాకా వినపడ్డాయి. తర్వాత మా ఆయన చెక్కరెక్కలతో ఒక పంకా చేసి, బెల్టుతో తిరిగేట్టు బల్ల పక్కన బిగించాడు. దుమ్ము ఆయన మొహం మీదికి రాకుండా అవతలికి కొడుతుందని మా ఇద్దరికీ సంబరం. అది కొట్టింది, నిజమే. ఒక్కరవ్వ కూడా ఆయన మీద పడలేదు. మొత్తం గోడ దాటి గుమాస్తాగారి పెరట్లో పడింది. ఆయన భార్య వడియాల పళ్ళెం పట్టుకొచ్చి మా అరుగు మీద పెట్టి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఆ మౌనం కంటే మామ తిట్లే నయం.

దారి చూపించింది కమ్మరి కొలిమి. కత్తిపీట సానకు ఇవ్వడానికి పోయి నిలబడ్డాను. అక్కడ బొగ్గుల్లోకి గాలి కొట్టడానికి చేత్తో తిప్పే ఇనప పంకా ఒకటుంది, డప్పులాంటి పెట్టెలో. దాని పక్కగా నిలబడితే నా పైటచెంగు పోయి పెట్టె నడుమ ఉన్న బెజ్జానికి అతుక్కుంది. లాక్కుంటే మళ్ళీ పోయి అతుక్కుంది. కమ్మరాయన "చెంగు జాగర్త తల్లీ, ఒకపక్క ఊదాలంటే ఇంకోపక్క పీల్చాలి గదా" అన్నాడు. ఆయనకు అది రోజూ చూసే సంగతి. నేను మాత్రం కత్తిపీట అక్కడే మరిచిపోయి ఇంటికొచ్చాను.

ఊదడం కాదు, పీల్చాలి. మా ఆయన బల్ల కింద చక్రం చుట్టూ ఏటవాలు చెక్కలతో పెట్టె కట్టాడు. కిరసనాయిలు డబ్బాల రేకు విప్పి గొట్టాలు చేయించాం. పంకాను పెట్టెలో మూసి, గొట్టాన్ని దాని నడుమ బెజ్జానికి కలిపాం. మొదటి పలక కోస్తుంటే పొట్టు బల్ల కిందికే జరజరా పోవడం చూసి మా అత్త కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. రెండో పలకకు చెక్కపేడు ఒకటి గొట్టంలో పడి, పంకా రెక్కలు రెండు ఫెడేల్మని విరిగిపోయాయి. మా ఆయన మళ్ళీ చేశాడు. మళ్ళీ విరిగాయి. "ఇంక చాల్లే" అన్నాడు మామ. ఆ గొంతులో గెలుపు ఉంటుందనుకున్నాను. అలసట వినపడింది.

ఆ మధ్యాహ్నం విసుగుతో జొన్నలు చెరుగుతూ కూర్చున్నాను. మా ఊళ్ళో కళ్ళం గుర్తొచ్చింది. తూర్పారబట్టేటప్పుడు గింజ కాళ్ళ దగ్గరే పడుతుంది, పొల్లు దూరం పోతుంది. బరువైనది ఆగుతుంది, తేలికైనది పోతుంది. దానికి గాలి కాస్త నెమ్మదించే చోటు కావాలి, అంతే. మా ఇంట్లో వెదురు గాదె ఒకటి ఖాళీగా పడుంది. ఎలుకలు కొట్టేశాయని పారేయబోతున్నది. దాన్ని మట్టీ పేడా కలిపి లోపలా బయటా మెత్తి, మూత బిగించి, బల్లకూ పంకాకూ నడుమ పెట్టించాను. పొట్టు ఒక గొట్టంలో వచ్చి గాదెలో పడాలి. పేళ్ళూ ముతకా అక్కడే ఆగాలి. సన్నది మాత్రమే పైగొట్టం గుండా పంకాలోకి పోయి, అవతలి మూతికి కట్టిన సంచిలో చేరాలి. ఎక్కడ గాలి దొంగతనంగా జొరబడుతుందో చూడ్డానికి ఊదుబత్తి వెలిగించి అతుకు అతుకు దగ్గరా పట్టాను. పొగ లోపలికి వంగిన చోటల్లా చింతగింజల అంబలితో కాయితం అంటించాను. పంకా రెక్కలు తర్వాత విరగలేదు.

మిగిలింది సంచి. గోనెసంచి కడితే దాంట్లో నుంచి సన్న దుమ్ము మంచులాగా కారింది. అసలు ఊపిరితిత్తుల్లోకి పోయేది ఆ సన్నదే, మా నాయన్ని తిన్నదీ అదే. నేత దగ్గరగా ఉన్న మందపు గుడ్డ కావాలి. అప్పుడు గుడ్డకు కంట్రోలు. కార్డు మీద ఇంటికింతని ఇచ్చేవాళ్ళు. దానికోసం జనం వరసలో నిలబడి కొట్టుకునేవాళ్ళు. రంజానుకు నాకు లంగాలకూ రవికెలకూ అని వచ్చిన మందపు కోరా గుడ్డ పెట్టెలో ఉంది. రెండేళ్ళ తర్వాత కంటికి కనపడ్డ కొత్త గుడ్డ. దాన్ని నేల మీద పరిచి కత్తెర పట్టుకున్నాను. మామ గుమ్మంలో నిలబడి, "దేశమంతా గుడ్డ లేక ఏడుస్తుంటే పొట్టుకు పైజమా కుడుతుందంట మా కోడలు" అన్నాడు. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, అంత బాగా చెప్పాడు. అయినా కత్తెర ఆపలేదు. గుడ్డ చాల్లేదు. మా ఆయన లోపలికి పోయి, పండక్కి చొక్కా కుట్టించుకోమని వాళ్ళ అమ్మ దాచిన ముక్క తెచ్చి నా పక్కన పెట్టాడు. తండ్రి వైపు తిరిగి, "నా చొక్కా కూడా పొట్టుకే నాయనా. ఈ పండక్కి పాతదే తొడుక్కుంటా" అన్నాడు. నాకు తెలిసి తండ్రి మాటకు ఆయన ఎదురు చెప్పిన మాట అదొక్కటే. మామ చెప్పులు వేసుకుని బజారుకు పోయాడు.

గడువు రోజున ఇనస్పెక్టరు తెల్ల చొక్కా, తెల్ల టోపీతో వచ్చాడు. వెనక గుమాస్తాగారు చేతులు కట్టుకుని వచ్చారు. వాళ్ళావిడ ఆ పొద్దున మిద్దె మీద తెల్ల పంచె పరిచి కావాలనే వడియాలు పెట్టింది. మామ హ్యాండిలు కోసం చెయ్యి చాచాడు, నేను ఇచ్చాను. ఆయన చేత్తోనే ఇంజను లేపాడు. మా ఆయన టేకు దుంగ తోశాడు. సంచి పాలిచ్చే ఆవు పొదుగులాగా నిండుగా ఉబ్బింది. చక్రం మీద నుంచి కాస్త పొట్టు ఎగరకపోలేదు. అదంతా బల్ల చుట్టూనే రాలింది. నాలుగు పలకలు కోశాక ఇనస్పెక్టరు టోపీ తీసి చూసుకున్నాడు, మిద్దెక్కి పంచె మీద వేలు రాసి చూశాడు, బావిలోకి తొంగి చూశాడు. గుమాస్తాగారు గొంతు సవరించుకుని, "దుమ్ము సరే, ఈ మోత సంగతేంది?" అన్నారు. "తమరు రాసింది దుమ్ము గురించి. మోత గురించి రాయలేదు" అని ఇనస్పెక్టరు కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పోతూ పోతూ ఇది ఎవరి ఆలోచన అని అడిగాడు. మా మామ మీసం మీద చెయ్యి వేసుకుని, నేను నిలబడ్డ గుమ్మం వైపు గడ్డం ఎత్తి చూపించి, "ఆడ ఉంది చూడు, మా ఇంటి పిశాచం" అన్నాడు. జీవితంలో నన్ను అంత గొప్పగా ఎవరూ మెచ్చుకోలేదు.

అన్నీ చక్కబడ్డాయని చెబితే అబద్ధమవుతుంది. గాదె మట్టి ఎండి నెర్రెలు విచ్చేది, నెలకోసారి మెత్తాల్సి వచ్చేది. సంచి దులిపే పని నా మెడకే పడింది. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని దూరంగా తీసుకుపోయి దులిపేదాన్ని. గుమాస్తాగారు మోత గురించి మళ్ళీ రాశారు. అది వేరే యుద్ధం. మామ ఆఖరిదాకా ఆ గొట్టాల్ని ఆడదాని యవ్వారం అనే అన్నాడు. కానీ సంచి కట్టకుండా ఇంజను లేపబోయిన కూలివాడి చెంప ఒకసారి పగలగొట్టినంత పని చేశాడు. మా ఆయన దగ్గు పూర్తిగా పోలేదు. చలికాలం వస్తే పలకరించేది. అయితే ఆ ఈల మళ్ళీ వినపడలేదు. ఆయన డెబ్భై రెండేళ్ళు బతికాడు, మంచం మీద వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోయేవాడు. ఆ నిద్ర చూస్తూ నేను ఎన్నిసార్లు ఊరికే కూర్చున్నానో ఆయనకు తెలియదు.

ఎనభై ఏళ్ళ బతుకులో నేను అణిగిమణిగి ఉన్న రోజులే ఎక్కువ. ఎదురు నిలబడ్డవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కాలం ఏ లెక్కన ఏరిందో గాని, ఆ తలవంచిన ఏళ్ళన్నీ ఎటో కొట్టుకుపోయాయి. ఎదురు తిరిగిన ఆ నాలుగు రోజులే నా దగ్గర మిగిలాయి.